తక్‌పట్టీ వెనక

ఇంటర్ పరీక్షలు అయిపోయిన నాలుగోరోజు
మా వీధిలోకి కాలేజీవాళ్ళొచ్చినారు.
బండి మీద ఇద్దరు. టక్ చేసుకున్న చొక్కాలు.
నా పేరు, మా నాయన పేరు, నాకొచ్చే మార్కులు కూడా
నాకన్నా ముందే వాళ్ళ కాగితంలో ఉన్నాయి.

"సుంకమ్మేనా? ఎంపీసీ?"
ఒక బ్యాగు చేతిలో పెట్టినారు, దాని మీద వాళ్ళ కాలేజీ బొమ్మ.
బొమ్మలో పచ్చిక ఉంది.
కర్నూల్లో ఏప్రిల్ నెలలో అంత పచ్చిక
నేనెక్కడా చూడలేదు.

"ఫీజు గవర్నమెంటే కడతాది. ల్యాప్‌టాప్ మేమిస్తాం.
హాస్టలొకటే మీది. ఏడాదికి డెబ్భైవేలు."
ఒకటే అన్నప్పుడు ఆయన వేలొకటి పైకి లేచింది.

మా నాయన అప్పుడే యార్డు నుంచి వచ్చినాడు.
భుజం మీది గోనెపట్టా తీయలేదు,
ఒంటినిండా ఉల్లిపొట్టు, గులాబీ రంగుది.
అంతా విని ఒక్క మాట అడిగినాడు:
"తరుగెంత సామీ?"

వాళ్ళకర్థం కాలేదు. నాకర్థమైంది.
రైతు యాభై కిలోలు తెస్తాడు,
చీటీలో నలభై ఎనిమిదే పడతాయి.
మట్టికి కొంత, తేమకు కొంత,
ఎందుకో తెలియనిదానికి కొంత.
చెప్పిన తూకం చేతికి రాదు.
ఇరవై రెండేండ్లు బస్తాలు మోసి
మా నాయన నేర్చుకున్న భౌతికశాస్త్రం ఇంతే.

మళ్ళీ అడిగితే ఒక్కొక్కటి రాలినాయి:
ల్యాబు ఫీజు, పరీక్ష ఫీజు, యూనిఫారం రెండు జతలు,
రీయింబర్స్‌మెంటు ఆలస్యమైతే
ముందు మనమే కట్టి తర్వాత తీసుకోవడం.
తర్వాత అంటే ఎప్పుడో చెప్పలేదు.

రాత్రి కరెంటు పోయింది. సెల్‌ఫోను వెలుతుర్లో
నాయన జేబులోని తక్‌పట్టీ తిప్పి వెనకవైపు రాసినా.
పైన: ఇంజనీరింగ్, నంద్యాల అవతల.
కింద: డిగ్రీ, ఊళ్ళోనే, గవర్నమెంటు కాలేజి, నడిచిపోవచ్చు.
బస్తాకు నాయన వాటా ఏడు రూపాయలు.
డెబ్భైవేలను ఏడుతో భాగిస్తే
పదివేలు. శేషం లేదు.
ఇంత చక్కగా తెగిన లెక్క
నా పరీక్షలో ఒక్కటీ రాలేదు.

కాగితం మడిచి జేబులో పెట్టుకుని
తెల్లారి మూడింటికే పోయినాడు.
సాయంత్రం అది తిరిగొచ్చింది,
నా రాత కింద ఎర్రసిరాతో ఇంకో రాత.
గుమాస్తా ఖాసీంవలి లెక్క చూసినాడంట:
"పాప తప్పు చేసింది మద్దిలేటీ.
ఇది ఒక్క ఏడాదికి. ఇంటూ నాలుగు."

తప్పు చేయలేదు. రాయలేదు, అంతే.
లెక్కల్లో నూటయాభైకి నూటయాభై వస్తాయనుకునే పిల్ల
నాలుగునెందుకు మరిచిపోతాది?

నాయన నా మొగం చూడలేదు.
గోడకానుకుని, భుజం రుద్దుకుంటా,
"నాకూ తెలుసులే మే," అన్నాడు.
"లారీ నిండా ఉన్నప్పుడు లారీని చూడకూడదు.
బస్తాను చూడల్ల."

డిగ్రీ చదివితే నాకేమీ తక్కువ కాదని చెప్పాలనుకున్నా.
అక్కడ స్టాటిస్టిక్స్ మేడం బాగా చెప్తాదంట,
మా సీనియర్ హుసేనమ్మ బ్యాంకులో చేరిందంట.
అది నా మాటో,
పదివేల బస్తాలు నాతో చెప్పిస్తున్న మాటో
నాకే తెలియలేదు. నోరు మూసుకున్నా.
రిజల్టుకింకా పన్నెండు రోజులుంది.
ఎంట్రెన్స్ అప్లికేషన్‌కు నాలుగే.

అమ్మ అంతవరకూ కొళాయికాడ బిందెల వరసలో ఉంది,
రోజు మార్చి రోజొచ్చే నీళ్ళు.
లోపలికొచ్చి, చెంగుతో చేతులు తుడుచుకుని
కాగితం అటూ ఇటూ తిప్పింది. అమ్మకు చదువు రాదు.
"ఇంత రాసినారు గదా,
ఆ హాస్టల్లో నీళ్ళొస్తాయా? అడిగినారా?"

ఎవరమూ అడగలేదు.

బ్యాగు మీది నంబరు చూసి ఫోన్ చేసినా.
స్పీకరు పెట్టమంది అమ్మ.
ముగ్గురం, మధ్యలో కాగితం,
దాని మడతలో ఇరుక్కున్న ఉల్లిపొట్టు.
రింగవుతాంది.